ఇల్లు చిన్నది, సర్దుకోండి

సూదమ్మకి అక్షరాలు వచ్చింది భర్త పోయాకే. అంతకుముందు ఆ అవసరం పడలేదు. కుట్టుకి వచ్చిన ప్రతి బట్టకీ ఒక చీటీ గుచ్చి పెట్టేవారు. చీటీ మీద పేరూ కొలతలూ ఆయన రాసేవాడు, ఆయనే చదివేవాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. పొద్దున పనిలోకి వెళ్లే ముందు చీటీలన్నీ ఒకసారి చదివి వినిపిస్తే, ఆమె సాయంత్రం దాకా పొల్లు పోకుండా గుర్తుపెట్టుకునేది. ఆయన పోయిన కొత్తలో పొట్టి గుమాస్తా ప్యాంటు పొడుగు డ్రైవరుకీ, డ్రైవరుది గుమాస్తాకీ వెళ్లిపోయాయి. డ్రైవరు పిక్కలు కనిపించేలా ఆ ప్యాంటు తొడుక్కుని వచ్చి దుకాణం ముందు నిలబడితే వీధి వీధంతా నవ్వింది. సూదమ్మ కూడా నవ్వింది. తర్వాత వెనకగదిలోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చింది.

సూదమ్మ అన్న పేరు వీధివాళ్లు పెట్టిందే. చేతిలో సూది ఉంటుందని కొందరు, నోట్లో ఉంటుందని కొందరు అనేవారు.

ప్యాంట్ల గొడవ విని చెల్లెలి కూతురు చిట్టి వచ్చింది. "పెద్దమ్మా, నేను నేర్పిస్తా. నువ్వు నేర్చుకోకపోతే ఈసారి పెళ్లికొడుకు సూటు ఎవరికి పోతుందో" అంది.

చిట్టి వాచకాలేవీ తేలేదు. గోడకి ఒక తెల్లబోర్డు తగిలించింది. "నువ్వు ఏదో ఒకటి చెప్పు. నేను పైన రాస్తా. నువ్వు కింద చూసి రాయి. నీ మాటే కాబట్టి తొందరగా పట్టుబడుతుంది."

"ఏం చెప్పనే?"

"నీకేది చెప్పాలనిపిస్తే అది."

సూదమ్మకి చెప్పాలనిపించేది ఒక్క మనిషి గురించే. పాఠం అయ్యాక బోర్డు తుడిచేసేవాళ్లు. తుడిచేస్తాం కదా అన్న ధైర్యంతో ఆమె తోడబుట్టినదానికి కూడా చెప్పుకోని మాటలు ఆ బోర్డుకి చెప్పుకుంది.

ఆయన ఒంట్లో నెత్తురు పుట్టడం మానేసింది. కొన్ని వారాలకోసారి ఆసుపత్రికి వెళ్లి ఎవరిదో నెత్తురు ఎక్కించుకుని రావాలి. నర్సు సంచీ తెచ్చి కొక్కేనికి తగిలించగానే ఆయన మంచం మీద సర్దుకుని కూర్చుని, ఆ సంచీకి నమస్కారం పెట్టేవాడు. "రండి రండి. ఇల్లు చిన్నది, సర్దుకోండి" అనేవాడు. జనంతో కిక్కిరిసిన లిఫ్టుల్లో ఏళ్ల తరబడి అని అని అలవాటైన గొంతు అది. పక్కన కూర్చున్న సూదమ్మ ఊరుకునేది కాదు. "ముందు అద్దె ఇమ్మనండి" అనేది. నర్సు నవ్వాపుకోలేక సూది పక్కకి పోనిచ్చేది. ఇంటికొచ్చాక ఆయన, "ఈసారి వచ్చినవాడు పాటగాడల్లే ఉన్నాడే, గొంతు దురదపెడుతోంది" అనేవాడు. "పాటగాడో దొంగో, పర్సు జాగ్రత్త" అనేది ఆమె.

కడపట ఒకరోజు ఆయన డాక్టరుతో, "ఇక ఎవర్నీ పంపకండి సార్. ఇల్లు పాడైపోయింది. పాడైన ఇంట్లో మంచివాళ్లని దింపకూడదు" అన్నాడు. ఆ రోజు సూదమ్మకి జవాబు దొరకలేదు.

ఈ మాటలన్నీ చెప్పిన రోజున ఆమె చిట్టి చెయ్యి పట్టుకుంది. "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. మీ అమ్మకి కూడా చెప్పకు."

"ఒట్టు" అంది చిట్టి.

అక్షరాలు వచ్చాయి. చీటీలు సూదమ్మే రాసుకుంటోంది, సూదమ్మే చదువుకుంటోంది. ఆయన మాటని మాత్రం ఎక్కడా రాసుకోలేదు. పొద్దున్నే దుకాణం షట్టరు ఎత్తి, ఖాళీ గది వైపు చూసి, ఆయన గొంతుతో తనలో తాను అనుకునేది: రండి రండి. ఇల్లు చిన్నది, సర్దుకోండి. గొంతు ఆయనదే వినిపించేది. ఆ తర్వాతే మిషను మీద గుడ్డ తీసేది. ఆయన ఫోటోలు రెండో మూడో ఉన్నాయి గానీ, గొంతు మాత్రం ఇంకెక్కడా లేదు. ఉన్నదల్లా ఆమె చెవిలోనే.

*

చిట్టి ఫోన్ల దుకాణంలో పని చేస్తుంది. మిగిలిన వేళంతా స్నేహితురాలితో కలిసి కంప్యూటరు ఆటలు తయారు చేస్తుంది. మాటలు చిట్టివి, బొమ్మలు ఆ స్నేహితురాలివి. గుండ్రటి పెద్ద కళ్లద్దాల వల్ల ఆ పిల్లని అందరూ గుడ్లగూబ అంటారు, ఆ పిల్లా పలుకుతుంది.

ఒక మధ్యాహ్నం చిట్టి ఎప్పటిలాగే మిషను పక్కనుంచి దూసుకుని వెనకగదిలోకి పోయింది. గిన్నెల మీద మూతలెత్తి చూసి, ఉన్నది తిని, మూతి తుడుచుకుంటూ వచ్చి ల్యాప్‌టాప్ కత్తిరింపు బల్ల మీద పెట్టింది.

"పెద్దమ్మా, నువ్వు ఒక ఆట ఆడాలి."

"ఆ కాల్చుకోడాలూ దూకడాలూ నా వల్ల కాదు."

"ఇందులో అవేవీ ఉండవు. విజువల్ నావెల్ అంటారు. బొమ్మ వస్తుంది, కింద మాటలొస్తాయి. చదివి నొక్కితే తర్వాతి మాట వస్తుంది. మధ్యమధ్యలో ఏం చెయ్యాలో నిన్నే అడుగుతుంది. నువ్వు చెప్పినట్టు కథ నడుస్తుంది."

"దేని గురించి?"

"రక్తపిశాచి గురించి. పాత భవంతిలో ఒక దొర. పగలు కనబడడు. మనుషుల నెత్తురు తాగి బతుకుతాడు. అక్కడికి తెరలు కుట్టడానికి ఒకావిడ వెళుతుంది. నువ్వే ఆ కుట్టుపని ఆవిడవి."

"నెత్తురు మరకలు పోవు, ముందే చెబుతున్నా" అంది సూదమ్మ.

"ఆడి, బాగున్నవి చెప్పు, బాలేనివి చెప్పు. మొహమాటపడకు. మిగతావాళ్లు నొక్కుకుంటూ పోతారు. నువ్వు ప్రతి మాటా చదువుతావు."

తెర మీద ఆట పేరు వచ్చింది. అక్షరాలు ఒక్కోటి ఒక్కో వైపు ఒరిగి, చలికి వణుకుతున్న ముసలివాళ్లలా ఉన్నాయి. సూదమ్మ ముక్కు మీద కళ్లద్దాలు సర్దుకుంది.

"ఇవి నా అక్షరాల్లా ఉన్నాయేంటే?"

"నీవే. చూస్తే భయమేస్తుందని గుడ్లగూబ అవే కావాలంది."

"మరి బోర్డు తుడిచేశాంగా?"

"తుడిచే ముందు ఫోటో తీసేదాన్ని. నీ రాత ఎలా కుదురుకుందో చూసుకోవాలిగా."

సూదమ్మ మురిసిపోయింది. తన వంకర రాత జనాన్ని భయపెట్టడానికి పనికొచ్చిందంటే అదీ ఒక గొప్పే అనుకుంది. అన్నీ ఫోటోలు తీశావా అని అడగాలని ఆమెకి తట్టలేదు.

*

ఆట ఆమెకి నచ్చింది. నచ్చకుండా ఎలా ఉంటుంది? అది ఆగుతుంది. ఆసుపత్రి బోర్డులు, బస్సు మీద రాతలు, సినిమాలో మాటలు, ఏవీ ఆమె కోసం ఆగలేదు. ఆమె సగం కూడబలుక్కునేలోపే వెళ్లిపోయేవి. ఇక్కడ ఒక్కో మాట వచ్చి, ఆమె వేలు పెట్టి చదివి, నోట్లో తిప్పుకుని, సరేననుకుని నొక్కేదాకా కదలకుండా నిలబడేది. మధ్యలో ఎవరైనా జిప్పు వేయించుకోడానికి వస్తే, పని చేసిచ్చి వచ్చాక కూడా కుట్టుపని ఆవిడ అదే మెట్టు మీద, దీపం అదే చేతిలో పట్టుకుని ఉండేది. కిటికీల మీద వాన చప్పుడు వింటుంటే తన దుకాణం బయట ఎండ కాస్తోందన్న సంగతే మరిచిపోయేది. బొమ్మల్లో గదులు ఎంత నిజంగా ఉన్నాయంటే, ఒక తలుపు చూసి బందులకి నూనె వెయ్యాలి అనుకుంది.

మొదట్లోనే పెద్ద అక్షరాలతో, "ఈ కథ నీ చేతిలో ఉంది" అని వచ్చింది. ఆమె దాన్ని నమ్మింది.

దొర కనబడేసరికి సూదమ్మ వీపు నిటారుగా అయింది. పలచటి మనిషి, తెల్లగా పాలిపోయిన చెంపలు. కూర్చునే ముందు పక్క సర్దుకోవడం. మాటకి ముందు ఒక చిన్న నవ్వు. మనసులో ఏదో కదిలింది గానీ, పాలిపోయినవాళ్లంతా ఒకేలా ఉంటారులే అని సర్దిచెప్పుకుంది. తర్వాత ఆ భవంతిలోకి దారి తప్పి ఒక పాలవాడు వచ్చాడు. దొర వాడి మెడ దగ్గరికి వంగాడు. తెర చీకటైంది. చీకట్లో ఒక గొంతు వినిపించింది.

"రండి రండి. ఇల్లు చిన్నది, సర్దుకోండి."

సూదమ్మ చెయ్యి మీట మీద అలాగే ఉండిపోయింది. కింద మాటలు కూడా వచ్చాయి. ఆమె కోసం అవీ ఆగాయి. ఎంతసేపు చూసినా అక్కడే ఉన్నాయి.

కోపం వెంటనే రాలేదు. పిల్ల ముద్దుకొద్దీ పెట్టి ఉంటుంది, ముందు నాకు చూపించి అడుగుదామనుకుని ఉంటుంది, ఇంకా బయటికి పోలేదుగా అనుకుంది. ఇలా మొదలుపెట్టినా ఈ మనిషికి చివర్లో ఏదో మంచి చేసే ఉంటుంది, ఎంతైనా పెదనాన్న కదా. కథ నీ చేతిలో ఉందని వాళ్లే అన్నారు. ఆ మంచి ఏ దారిలో ఉందో వెతకాలి, అంతే.

వెతికింది. మెట్లెక్కమంది, ఎక్కకుండా ఉండమంది. దొరతో మాట్లాడమంది, మాట్లాడొద్దంది. ఒకసారి తెరలన్నీ చించేసి ఎండ లోపలికి రానిచ్చింది, మబ్బు పట్టింది. ఒకసారి గేటు దాటించి రోడ్డు మీదికి పారిపోనిచ్చింది. కత్తెర మరిచిపోయానంటూ కుట్టుపని ఆవిడ తనంతట తనే వెనక్కి వచ్చింది. ఏ తలుపు తీసినా చివరికి ఆ గదే, ఆ వాన చప్పుడే. దొర ఆవిడ మెడ మీదికి వంగి ఆ మాట అనడమే. ఎదుటివాళ్ల చేత జవాబు చెప్పించుకోడానికే ఆయన అనే మాటకి ఆ బొమ్మలోని ఆడది ప్రతిసారీ "అలాగే" అని కళ్లు మూసుకునేది.

*

ఆ వారమే ఇద్దరు కాలేజీ అమ్మాయిలు గౌను వదులు చేయించుకోడానికి వచ్చారు. ఒకతె తెర వెనక్కి వెళ్లి, ఎలా ఉందో చూద్దామని తొడుక్కుంటూ గౌనులో ఇరుక్కుపోయింది.

"ఒసేయ్, ఊపిరాడట్లేదే" అంది లోపల్నుంచి.

బయట ఉన్నది గొంతు బరువుగా చేసింది. "రండి రండి. ఇల్లు చిన్నది, సర్దుకోండి."

లోపలా బయటా ఇద్దరూ పడి పడి నవ్వారు. తెర కడ్డీ ఊగింది. సూదమ్మ నోట్లో పట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బీలో వేసింది.

"ఎక్కడిదమ్మా ఆ మాట?"

"ఒక ఆటలోది ఆంటీ. రక్తపిశాచి. చంపే ముందు అలా అంటాడు. భలే ఉంటుంది, మా హాస్టల్లో బాత్రూం దగ్గర క్యూలో కూడా అదే అంటున్నారు."

"ఎప్పుడొచ్చింది ఆ ఆట?"

"పోయిన నెలలో అనుకుంటా."

చిట్టి ఆమె చేత ఆడించడం మొదలుపెట్టింది ఈ వారంలో. సూదమ్మ కొలత టేపు మెడలోంచి తీసి చుట్టి పెట్టింది. "నడుం దగ్గర వదులు చేస్తాను. రేపు రండి" అంది. ఆ "రండి" అంటుంటే నోరు చేదుగా అనిపించింది.

*

గుడ్లగూబ గది, బట్టలు ఉతికి ఇస్త్రీ చేసిచ్చే చలువబట్టల దుకాణం పైన. వైర్లు, కడగని కప్పులు, గోడనిండా దొర బొమ్మలు. సూదమ్మ ల్యాప్‌టాప్‌ని తువ్వాలులో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"రండి పెద్దమ్మా" అంటూ గుడ్లగూబ కుర్చీ మీది బట్టలు కిందికి తోసింది.

"ఆడేశావా? చెప్పు చెప్పు. ముందు బాగున్నవి" అంది చిట్టి.

"ఆగుతుంది. అది బాగుంది. తొందరపెట్టదు. వాన బాగుంది. బొమ్మలు ప్రాణం పోసినట్టున్నాయి. ఈ అమ్మాయి చెయ్యి చల్లగా ఉండాలి."

గుడ్లగూబ సిగ్గుపడి కళ్లద్దాలు తుడుచుకుంది.

"దొర బాగున్నాడు. అన్నిటికన్నా బాగున్నాడు."

"అందరూ అదే అంటున్నారు" అంది చిట్టి, మొహం వెలిగిపోతూ.

"ఇక బాలేనివి. ఎటు నొక్కినా ఒక్క చోటికే పోతోంది. కథ నా చేతిలో ఉందని చెప్పడం దేనికి? ప్రాణభయంతో పారిపోయేది కత్తెర కోసం వెనక్కొస్తుందా? నేనైతే మిషను కూడా వదిలేస్తాను."

గుడ్లగూబ పకపకా నవ్వింది. "నేనూ అదే మొత్తుకున్నాను. అన్ని దారులకీ బొమ్మలు గీస్తే నా చెయ్యి పడిపోతుందని అన్నీ తెచ్చి ఒక దాంట్లో కలిపేశాం పెద్దమ్మా. ఊరికే అడుగుతుంది గానీ, వినదు."

"అవును, వినదు" అంది సూదమ్మ. "ఇంకోటి. ఆయన అంత మాటన్నాక ఆవిడ అలాగే అని ఊరుకుంటుంది. నా జవాబులేవి?"

గుడ్లగూబ నవ్వు ఆగిపోయింది. "మీ జవాబులా?" అంటూ చిట్టి వైపు తిరిగింది. "ఆ మాటలు నువ్వే రాశానన్నావుగా?"

చిట్టి వైరు ఒకటి తీసి వేలికి చుట్టుకుంది, విప్పింది.

"పెట్టాను మొదట్లో. 'అద్దె ఇమ్మనండి' అని పెట్టాను. చదివినవాళ్లు నవ్వేశారు. భయం పోయింది. అందుకే తీసేశాను."

"ఒట్టు వేశావు."

"పేరు పెట్టలేదుగా పెద్దమ్మా. పెదనాన్న అని ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"ప్రేమతోనే పెట్టాను. అంత మంచి మాట నీతోనే పోకూడదని. ఇప్పుడు చూడు, ఎంతమంది నోళ్లలో ఉందో."

"చూశాను. బాత్రూం క్యూలో ఉందట."

చిట్టి తల దించుకుంది. సూదమ్మ గొంతు పెంచలేదు. వీధిలో పోట్లాటకి దిగితే ఆమె గొంతు చలువబట్టల దుకాణం దాటి వినబడేది. ఇప్పుడు అంతా దగ్గరకొచ్చి వినాల్సినంత మెల్లగా ఉంది.

"ఆయన ఎవరి నెత్తురూ లాక్కోలేదు. ఇచ్చినవాళ్లది తీసుకున్నాడు, తీసుకునేటప్పుడు దండం పెట్టాడు. చివరికి ఇక వద్దన్నాడు. ఆ మాట కూడా నీకు చెప్పాను. అదెందుకు పెట్టలేదు?"

"అది పెడితే ఆట అక్కడితో అయిపోతుంది పెద్దమ్మా. వద్దనే రక్తపిశాచి ఉంటాడా?"

"ఉన్నాడు. నా ఇంట్లో ఉన్నాడు."

కింద ఇస్త్రీ ఆవిరి బుస్సుమంది.

"పోయిన నెలలో బయటికి వదిలి, ఈ వారం తెచ్చి నన్ను బాలేనివి చెప్పమన్నావు. దేనికి?"

"నీకు నచ్చితే... అప్పుడు చెప్దామని."

"నచ్చకపోతే?"

చిట్టి ల్యాప్‌టాప్‌ని తన వైపు లాక్కుంది. "తీసేస్తా. ఇవాళే ఆ మాట తీసేస్తా" అంది.

"ఆటలోంచి తీస్తావు" అంది గుడ్లగూబ, చిట్టి మొహం చూడకుండా. "ఆడినవాళ్ల నోళ్లలోంచి ఎలా తీస్తావు?"

సూదమ్మ తువ్వాలు మడిచి చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

*

మర్నాడు పొద్దున షట్టరు ఎత్తింది. ఖాళీ గది వైపు చూసి, ఎప్పటిలాగే ఆ మాట అనుకుంది. చెవిలో వినబడింది ఆటలోని గొంతు. రేడియోలో సబ్బుల ప్రకటనలు చదివే ఎవరి చేతో చెప్పించారట. బరువైన గొంతు, వెనకాల వాన. సూదమ్మ తల విదిలించుకుని మళ్లీ అనుకుంది. మళ్లీ ఆ గొంతే. ఆయన గొంతు ఎలా ఉండేది? కాస్త బొంగురు. "చిన్నది" దగ్గర కొంచెం సాగదీసేవాడు. ఇవన్నీ తెలుసు. తెలుసు గానీ, వినబడదు. పెదాలు కదిపి పైకే అని చూసింది. గోడ మీది బోర్డు శుభ్రంగా, తెల్లగా ఉంది. మిషను మీద గుడ్డ తియ్యకుండా ఆమె చాలాసేపు స్టూలు మీద కూర్చుండిపోయింది.

తర్వాత లేచింది. లేవక ఏం చేస్తుంది, గౌను కోసం అమ్మాయిలొస్తారు. నడుం దగ్గర కుట్లు విప్పి, వదులు చేసి, మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

ఎండ గుమ్మంలోకి వచ్చే వేళకి చిట్టి వచ్చింది. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ పిల్ల ఈ గుమ్మం దగ్గర ఆగింది లేదు. పరిగెత్తుకుని వచ్చి, మిషను పక్కనుంచి దూసుకుని, వెనకగదిలో మూతలెత్తాక గానీ పలకరించేది కాదు. ఇవాళ గడప బయట నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. గడపని చూస్తోంది గానీ పెద్దమ్మని చూడటం లేదు.

"తీసేశాను పెద్దమ్మా. ఆ మాటా, నీ అక్షరాలూ అన్నీ తీసేశాను. బోర్డు ఫోటోలు కూడా చెరిపేశాను."

సూదమ్మ కుట్టు మీంచి తలెత్తలేదు.

"గుడ్లగూబ నాతో మాట్లాడట్లేదు."

మిషను చక్రం తిరిగింది, ఆగింది.

"పెద్దమ్మా, లోపలికి రానా?"

సూదమ్మ చెయ్యి గుడ్డ మీద ఆగింది. తన చెయ్యి పట్టుకుని మొదటి అక్షరం దిద్దించిన ఆ పిల్ల చేతులు గడప అవతల ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. ఇలాంటప్పుడు ఈ ఇంట్లో ఒక మాట అనేవాళ్లు. ఎవరొచ్చినా, ఏం చేసి వచ్చినా, ఆ మాట అంటే మనిషి లోపలికి వచ్చేసేది. అది ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇల్లు చిన్నది" అంది సూదమ్మ.

చిట్టి ఒక కాలు ఎత్తి, మిగతా సగం కోసం ఆగింది.

సూదమ్మ దారం కొరికి, గౌను తిరగేసి, రెండో వైపు కుట్టు మొదలుపెట్టింది.